కాగితం మీదే కెప్టెన్ మాట

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం పోర్టు వైపు వెళ్తుంటే పంటపాళెం దగ్గర నూనె రిఫైనరీలు కనబడతాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ రేటు గురించి ఇక్కడ మాట్లాడుకోని ఇల్లు లేదు. నల్లసముద్రం నుంచి ఆ నూనె తెచ్చే ఓడ కెప్టెన్ ఊసు మాత్రం ఎవరం ఎత్తలేదు.

చట్టం చదివితే కెప్టెన్‌ను మించిన స్వతంత్రుడు లేడనిపిస్తుంది. అంతర్జాతీయ సోలాస్ ఒప్పందం ప్రకారం ఓడలో ప్రాణరక్షణ కోసం ఆయన తీసుకునే నిర్ణయానికి యజమానిగానీ, ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్‌గానీ అడ్డుపడకూడదు. ముప్పుందనుకుంటే ఓడ ఉనికి చాటే ఏఐఎస్‌ను ఆపేయవచ్చు కూడా. ఆపితే చీకట్లో ఇంకో ఓడ గుద్దుకునే భయం. ఆపకపోతే క్షిపణి వేసేవాడికి చిరునామా చెప్పినట్టే. ఇంతకీ ఆయనకున్న స్వేచ్ఛ ఇదీ!

నల్లసముద్రం నుంచి వచ్చే ఓడ, హౌతీ తిరుగుబాటుదారుల దాడులకు భయపడి ఎర్రసముద్రం మాని ఆఫ్రికా చుట్టి వస్తే పది రోజులకు పైగా ఆలస్యం. ఇంధనం, అద్దె, బీమా లెక్కలు వేసేది ఒడ్డున ఆఫీసులో. ఆ లెక్కకు ఎదురుచెప్పిన కెప్టెన్‌కు తర్వాతి కాంట్రాక్టు దక్కుతుందో లేదో ఏ చట్టమూ పట్టించుకోదు.

2024 జనవరి 26న ఏడెన్ సింధుశాఖలో హౌతీల క్షిపణి తగిలిన మార్లిన్ లువాండా ట్యాంకర్‌నే చూడండి. జెండా మార్షల్ దీవులది, ట్యాంకుల్లో నాఫ్తా, పైన 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. కుడివైపు లైఫ్‌బోటు ధ్వంసమైంది. కెప్టెన్ అవిలాష్ రావత్ మిగిలినవారిని ఎడమవైపు బోటు దగ్గర సిద్ధంగా ఉంచి, మంటల మీదికి నురగ కొట్టించారు. అది అయిపోతే సముద్రపు నీరే. సాయానికి వెళ్లిన వాటిలో మన ఐఎన్ఎస్ విశాఖపట్నం ఉంది. ఆ ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ సాహస పురస్కారం ఆయనకూ ఆయన సిబ్బందికీ దక్కింది. మంచిదే. కానీ పతకం ఇచ్చేది ఓడ కాలాకే కదా.

ఓడల మీద ఈ వేట కొత్తదేమీ కాదు. 1914 సెప్టెంబరులో మన బంగాళాఖాతంలోనే జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ సరుకు ఓడలను వేటాడింది. మద్రాసు చమురు ట్యాంకులనూ పేల్చింది. అయినా ఓడను ముంచేముందు అందులోని మనుషులను దించేది. ఈ కాలపు డ్రోనుకు ఆ పట్టింపు లేదు.

యుద్ధ ప్రాంతంలోకి రానని చెప్పే హక్కు, వెళ్తే అదనపు జీతం, చనిపోతే రెట్టింపు పరిహారం కార్మిక సంఘాల ఒప్పందాలున్న ఓడల్లో ఉన్నాయి. ఒప్పందం లేని ఓడల్లో పనిచేసేవారి సంగతేంటి? మన నావికులను ఓడలెక్కించే ఏజెన్సీలకు లైసెన్సులిచ్చేది ముంబైలోని షిప్పింగ్ డైరెక్టరేట్ జనరలే. ‘రాను’ అనే హక్కు రాసిలేని కాంట్రాక్టు మీద సంతకం పెట్టిస్తే లైసెన్సు రద్దు చేయాలి. ఆలస్యమైతే వచ్చే నష్టాన్ని కెప్టెన్ నెత్తిన వేయబోమని దిగుమతిదారులు కూడా చార్టర్‌లోనే రాసివ్వాలి. దానివల్ల ప్యాకెట్ రేటు కాస్త పెరిగితే, గొణుక్కుంటూనైనా నేను కొంటాను.