కొండ యెక్కుటయా, నీడ నిలుపుటయా?

కాఫీ మొక్క చల్లదనమును కోరునది. అందును అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యమున సాగగుచున్న అరబికా రకము మిక్కిలి సుకుమారము. సంవత్సరపు సగటు వేడిమి సెంటిగ్రేడు కొలతను సుమారు 18 మొదలు 22 డిగ్రీల వఱకు నున్న తావులనే అది చక్కగా ఫలించును. వేడిమి హెచ్చినచో కాయ త్వరపడి పండును, గింజ తేలిక యగును, రుచి తగ్గును, రుచితోడనే వెలయు తగ్గును.

పందొమ్మిదవ శతాబ్దాంతము నుండి నేటి వఱకు భూమి సగటు వేడిమి ఒక డిగ్రీకి పైగా పెరిగినది. బొగ్గును, చమురును మండించుటచే గాలిలో చేరిన వాయువులే యిందుకు ముఖ్యకారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారణ చేసియున్నారు. కొండ నెక్కినకొలది 1,000 మీటర్లకు సుమారు ఆఱు డిగ్రీల చొప్పున చల్లబడును. ఆ లెక్కను చూడగా, ఒక డిగ్రీ పెరిగినచో మునుపటి చల్లదనము కొఱకు తోట సుమారు 167 మీటర్లు పైకి జరుగవలసివచ్చును.

ఇది మన యొక్కరి చిక్కు కాదు. వేడిమి యిట్లే పెరిగినచో 2050 నాటికి ప్రపంచమున కాఫీకి తగిన నేలలో ఇంచుమించు సగము తగ్గునని 2015లో వెలువడిన యొక పరిశోధన తెలిపినది. అరబికాకు పుట్టినిల్లయిన ఇథియోపియాలో, నేడు సాగునందున్న నేలలో నూటికి 39 మొదలు 59 పాళ్లు ఈ శతాబ్దాంతమునకు పనికిరాకపోవచ్చునని 2017లో మఱియొక పరిశోధన చెప్పినది. అయితే ఆ దేశమున ఎత్తయిన పీఠభూములు విస్తారముగా గలవు. అడవికి హాని లేకుండ తోటలను పైకి మార్చుకొన్నచో సాగు పెరుగ వచ్చునని కూడ ఆ పరిశోధకులే చెప్పిరి.

దీనిని విని మన సోదరులు కొందఱు, "మనమును పైకొండలు కొట్టి తోటలు వేయుదము" అని యనవచ్చును. ఈ యాలోచన మనకు చెల్లదు. పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతముల తోటలు పెక్కు 900 మొదలు 1,100 మీటర్ల యెత్తున నున్నవి. మన కొండలలో మిక్కిలి యెత్తయిన శిఖరములును 1,700 మీటర్లు మించవు. పైకి పోయినకొలది నేల యిఱుకగును. ఆ నెత్తముల మీది యడవియే మన వాగులకు తల్లి. దానిని కొట్టినచో క్రింది తోటకు నీరుండదు, పై తోటకు మన్నుండదు.

రొబస్టా వేయుదమందురా? అది వేడిమికి కొంత యోర్చును గాని, సాధారణముగా దాని వెల తక్కువ. 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది అరకు లోయ అరబికాకే. ఆ పేరు ఆ నేలకును, ఆ రకమునకును చెందినది. వానిని విడిచినచో పేరు మనవెంట రాదు.

కావున మనకు మిగిలిన దారి నీడ. చెట్టు నీడన తోటలో వేడిమి కొన్ని డిగ్రీలు తగ్గును. రాలిన యాకు నేల తడిని కాపాడును. కాండము తొలుచు తెల్లపురుగు ఎండ బాగుగా తగులు మొక్కలపైననే యెక్కువగా గ్రుడ్లు పెట్టును. ఆ తెగులునకు మొదటి మందు నీడయే. సిల్వర్ ఓక్ చెట్టు నఱకి కలప నమ్మినచో నేడు రొక్కము చేతికి వచ్చుట నిజమే. కాని దానితో మిరియపు తీగయు, దాని క్రింది కాఫీయు, రాబోవు ఏండ్ల పంటయు పోవును. నీడ మితిమీరినచో కాపు తగ్గునను మాటయు సత్యమే. అందుకు కొమ్మలు కత్తిరించుట మందు గాని, చెట్టు కూల్చుట కాదు. ఒక్క సిల్వర్ ఓక్‌నే నమ్ముకొనక పనస, మామిడి వంటి చెట్లను కూడ కలిపి పెంచుట మేలు.

ఈ పని ఒక్కొక్క రైతు చేసిన చాలదు. నీడచెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లు పేదరైతు ఓపిక పట్టుటకు సంఘము తోడుండవలెను. క్రొత్త తోటలకు అప్పు లిచ్చుటకు ముందు పాతతోటలలో నీడ నిలుపుటకు అప్పు లీయవలెను. నీడను కాపాడి, పండిన కాయలనే యేరి కోసిన రైతునకు, పచ్చికాయతో కలిపి దూసిన వానికి ఒకే ధర కట్టుట న్యాయము కాదు. గుణమును బట్టి ధర కట్టవలెను. 2025లో అరకు ప్రాంతమున కాయ తొలుచు పురుగు కనబడినది. వేడిమి పెరిగినకొలది దాని సంతతి త్వరత్వరగా వృద్ధియగును. కోతానంతరము చెట్టున మిగిలిన కాయలను, నేల రాలిన కాయలను ఏరివేయుట గ్రామమంతయు ఒక్కమాటపై చేయవలసిన పని. ఒక్కరు విడిచిన తోట పదుగురి తోటలకు చేటు.

భూమి వేడిమిని తగ్గించుట మన చేతిలో లేదు. మన తోటలోని వేడిమిని తగ్గించుట మన చేతిలోనే యున్నది. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును సభ్యులెల్లరు చర్చించి, నీడచెట్ల నారుమళ్లకును, అప్పులకును తీర్మానము గావింతురు గాక.