చదరపు అడుగుల లెక్కలో కనిపించని చేతులు

శాలిబండలో మా కేంద్రం నడిచే పాత యింట్లో కింది గదికి నేల మార్పించవలసి వచ్చింది. షాబాద్ బండలు ఎగుడుదిగుడైపోయి, వానాకాలం వాటి సందుల్లోంచి చెమ్మ పైకి వచ్చేది. మేస్త్రీ వచ్చి చూసి, "రోజుకూలి మీద చేయాల్నా, చదరపు అడుగు లెక్కన గుత్తకిస్తరా?" అని అడిగాడు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకుని, గుత్తకే అన్నాం. రోజుకూలి అయితే పని సాగదీస్తారని భయం. స్త్రీల వేతనాల గురించి యేళ్ళ తరబడి సభలు పెడుతున్న వాళ్ళం, డబ్బులిచ్చే చోట కూర్చోగానే యజమానుల్లాగే ఆలోచించాం. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది.

మేస్త్రీతో పాటు పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకామె పనికి వచ్చేది. పాత బండలు పెకలించాక వాటినీ, మట్టినీ తట్టల్లో వీధి చివరికి మోసింది ఆమే. ఇసుక జల్లించడం, మాలు కలిపి అందించడం, టైల్స్ నీళ్ళలో నానవేయడం, చివర సందులు నింపి నేలంతా తుడవడం, యివన్నీ ఆమె పనులే. టేపు పట్టి కొలిచినప్పుడు మాత్రం పరిచిన టైల్సే లెక్కకు వచ్చాయి. మోసిన మట్టికి చదరపు అడుగులు లేవు కదా!

మూడో రోజు రాత్రి తొమ్మిదింటి దాకా లైటు పెట్టుకుని పని ముగించారు. మాకు సంతోషమే. సామాను సర్దుకుంటున్న ఆమెను కూలి సంగతి అడిగాను. "గుత్త ఆయనది అక్కా, నాది రోజుకూలి. ఇంత రాత్రయినా ఒక్కటే రోజు" అన్నది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. పని తొందరగా అయితే మేస్త్రీకి ఒక రోజు మిగులుతుంది, అదే రోజు ఆమెకు కూలి పోతుంది. ఒకే నేల మీద యిద్దరికీ రెండు లెక్కలు. రెండింటిలోనూ నష్టపోయేది ఆమే.

మేస్త్రీని దుర్మార్గుడని అనబోవడం లేదు. నేల వంకరగా వున్నా, టైలు పగిలినా ఆ బరువు ఆయనదే. కానీ ఆయన ముందు గది చూశాడు, గోడలు చూశాడు, తర్వాతే ధర చెప్పాడు. మేం తగ్గించమంటే కొంత తగ్గాడు, కొంత తగ్గలేదు. గుత్తలో వున్న బలమంతా ఆ ధర చెప్పగలగడంలోనే వుంది.

అక్కడి నుంచి లాడ్ బజార్ నడిచి వెళ్ళేంత దూరం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాద్ లక్క గాజులు అమ్మే వీధి అది. వెనక గల్లీల్లో యిళ్ళల్లో కూర్చుని వేడి లక్క మీద ఒక్కొక్క రాయీ అద్దే స్త్రీలదీ గుత్త పనే: యిన్ని గాజులకు యింత. అయితే ఆ "యింత" వాళ్ళు చెప్పింది కాదు, సరుకు తెచ్చిచ్చే మనిషి చెప్పింది. రాళ్ళు యేరుకునే సమయం, సరుకు కోసం యెదురు చూసే సమయం, బాగాలేదని తిప్పి పంపితే మళ్ళీ చేసే సమయం, బొగ్గులూ కరెంటూ ఆమె ఖాతాలోనే. స్కూలు నుంచి వచ్చిన కూతురు పక్కన కూర్చుని అద్దిన రాళ్ళూ తల్లి లెక్కలోనే కలిసిపోతాయి. నాలుగు చేతులు చేసిన పనిని రెండు చేతుల పనిగా చూసి, "రోజుకు యిన్ని చేస్తుంది కదా, యీ రేటు చాలదా?" అని అడుగుతారు.

చట్టంలో దారి లేకపోలేదు. ముక్కల లెక్కన పనిచేసే వారికి విడిగా రేటు నిర్ణయించకపోతే, కాలాన్ని బట్టి నిర్ణయించిన కనీస వేతనానికి తగ్గకుండా యివ్వాలని 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ నియమం వుంది. ముక్కకు యింత అని తీసుకునేవాళ్ళు కార్మికులే కాదనే వాదన కూడా పాతదే. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద మొదలైన సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో, కుట్టినదాన్ని బట్టి డబ్బు తీసుకునే దర్జీలు కార్మికులేనని 1973లో సుప్రీంకోర్టు తీర్పు యిచ్చింది. అప్పుడప్పుడు బట్ట యింటికి తీసుకెళ్ళి కుట్టినంత మాత్రాన ఆ సంబంధం తెగిపోదని కూడా అన్నది. అయితే ఆ దర్జీలకు రోజూ వెళ్ళే దుకాణం వుంది, యజమాని మిషన్లు వున్నాయి. గల్లీలో గాజులు చేసే ఆమెకు యజమాని మొహమే తెలియదు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహాధారిత పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. దానితో పాటు వచ్చిన సిఫార్సు, కరెంటు ఖర్చుకూ, సరుకు యేరడానికీ కట్టడానికీ పట్టే సమయానికీ పరిహారం యివ్వాలంటుంది. భారతదేశం ఆ ఒడంబడికను యింతవరకూ ధ్రువీకరించలేదు.

ముక్కల రేటునే రద్దు చేసి గంటల లెక్క అడగాలని మన మిత్రుల్లో కొందరంటారు. నేను వొప్పుకోను. పొయ్యి మీద అన్నం, వొళ్ళో పిల్ల వున్న యింట్లో గడియారం పట్టుకుని నిలబడేదెవరు? భర్తా, సరుకు తెచ్చే మనిషా? మధ్యలో లేచి వెళ్ళగలిగే వెసులుబాటు కోసమే చాలామంది స్త్రీలు యీ పద్ధతి కావాలంటున్నారు. దాన్ని తెలియనితనం అనడం మన పొగరు. గంట వుండవలసింది రేటు కట్టే చోట. ఎనిమిది గంటల్లో, యెవరి సాయం లేకుండా, మామూలు వేగంతో, యేరడం, తుడవడం, తిరిగి చేయడం కలిపి ఒక స్త్రీ యెన్ని గాజులు చేయగలదో ఆ స్త్రీలే కూర్చుని కొలవాలి. రోజు కనీస వేతనాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే వచ్చేదే అడగవలసిన రేటు. ఖర్చులు దాని మీద విడిగా.

మా కేంద్రంలో పై గది యింకా మిగిలి వుంది. ఈసారి కాగితం మీద రెండు మాటలు రాశాం: పాత బండలు తీసి మోయడానికి వేరే ధర, సాయంత్రం ఆరు దాటితే సహాయకురాలికి అదనపు కూలి, ఆమె చేతికే. మేస్త్రీ చదివించుకుని విని, "అట్లయితే రేటు పెరుగుతది మేడం" అన్నాడు. పెరుగుతుంది. మా కమిటీలో యిద్దరు వేరే మేస్త్రీని చూద్దామంటున్నారు. వచ్చే ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.