వృత్తి చికిత్స బోధన: తటస్థత అనే ముసుగు

"మాది శాస్త్రం, రాజకీయం కాదు" అనే మాట మన విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్ళకు మంచి ఆశ్రయంగా దొరికింది. ఇంజనీరింగు ఆచార్యుడూ అంటాడు, వైద్య కళాశాల ఆచార్యుడూ అంటాడు. మా వృత్తి చికిత్స విభాగాల్లో అయితే ఈ మాటను విద్యా సంవత్సరం ప్రారంభంలో ప్రార్థన వలె వల్లిస్తారు.

వృత్తి చికిత్స, అనగా ఆక్యుపేషనల్ థెరపీ, మందులిచ్చే శాస్త్రం కాదు. పక్షవాతం వచ్చినవాడు, యంత్రంలో చెయ్యి నలిగినవాడు, మనోవ్యాధితో కుంగినవాడు, అవయవ లోపంతో పుట్టిన బిడ్డ తమ పనులు తాము చేసుకోగలిగేటట్లు చూసే శాస్త్రం. అన్నం కలుపుకొని తినటం మొదలు కూలికి పోవటం దాకా అన్నీ దాని పరిధిలోవే. పని పేరు మీదనే వెలసిన ఈ శాస్త్రం, ఆ పని ఎవరి కోసం, కూలి ఎంత, లాభం ఎవరికి అని అడగకుండా వుండగలదా? వుండగలదనీ, వుండాలనీ మా పెద్దల విశ్వాసం. ఈ విశ్వాసం తటస్థత కాదు, యజమాని పక్షం వహించటమే అని నా వాదన. ఇందుకు సాక్ష్యం వెతుక్కుంటూ దూరం పోనక్కరలేదు. నా తరగతి గదే చాలు.

నేను ఎం.ఓ.టి. విద్యార్థులకు పాఠం చెబుతాను. నాలుగున్నర ఏళ్ళ డిగ్రీ చదువు, ఆ తరువాత రెండేళ్ళ ఈ చదువు. కొంతకాలం క్రితం ఒక విద్యార్థిని తరగతిలో ఒక కేసు సమర్పించింది. రోగి ఉత్తర తెలంగాణ నుంచి వచ్చిన బీడీ కార్మికురాలు. చిన్ననాటి నుంచీ ఒడిలో చాట పెట్టుకొని తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, దారం కట్టిన చేతులు. కుడి బొటనవేలి మొదట్లో వుండే కీలు అరిగిపోయింది. విద్యార్థిని పరీక్షలో ఎక్కడా లోపం లేదు. పిడికిలి బలం కొలిచింది, వేళ్ళ పట్టు కొలిచింది, కీలు ఎన్ని డిగ్రీలు వంగుతున్నదో రాసింది. బొటనవేలిని కదలకుండా పట్టివుంచే స్ప్లింటు ఒకటి చక్కగా అచ్చుపోసి ఇచ్చింది. పనిలో వున్నప్పుడు అది తొడుక్కోవాలనీ, అరగంటకు ఒకసారి పని ఆపి చేతికి విశ్రాంతి ఇవ్వాలనీ చెప్పింది.

మూడవ వారం ఆ కార్మికురాలు స్ప్లింటు లేకుండానే వచ్చింది. అడిగితే ఇట్లా అన్నదట: "ఇది ఏసుకుంటే ఆకు మలువరాదు బిడ్డా. నడుమ నడుమ ఆగితె వెయ్యి ఎప్పుడు కావాలె?"

కేసు షీటులో మా విద్యార్థిని రాసిన వాక్యం ఇది: "రోగి చికిత్సకు సహకరించుట లేదు."

తరగతిలో ఎవరూ ఆ వాక్యానికి అభ్యంతరం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. మంచి మార్కులే వేశాను. ఆ రాత్రి కాగితాలు మళ్ళీ తిరగవేస్తుంటే గాని, ఆ కార్మికురాలు మాకు ఒక పాఠం చెప్పి వెళ్ళిందనీ, మేమందరం కలిసి ఆమెను మొండి రోగి కింద జమ కట్టామనీ నాకు తెలియలేదు.

ఆమె చెప్పిన పాఠం ఏమిటి? బీడీకి కూలి గంటల లెక్కన రాదు, వేల లెక్కన వస్తుంది. అటువంటప్పుడు అరగంటకు ఒకసారి ఆగమన్న సలహాకు అసలు పేరు కూలి కోత. కంపెనీ కోయవలసిన అవసరం లేకుండా, తెల్లకోటు వేసుకొని మేమే కోశాం. మా కేసు షీటులో ఆమె ఎత్తుకు, బరువుకు గడి వున్నది. మణికట్టు ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో రాయటానికి గడి వున్నది. ఆమెకు ఆకు తూచి ఇచ్చేది ఎవరు, వెయ్యికి ఎంత ఇస్తారు, పని ఆగితే ఇంట్లో ఎవరి భోజనం ఆగుతుంది అని రాయటానికి గడి లేదు. లేని గడిని తటస్థత అంటారా? కంపెనీకి సంబంధించిన ప్రశ్న ఒక్కటి కూడా లేని పత్రం కంపెనీకి ఎంత అనుకూలమో వేరే చెప్పాలా?

చట్టం వేసిన కొలతలూ ఇట్లాగే వుంటూ వచ్చాయి. పనిలో గాయపడినవారి నష్టపరిహారం కోసం 1923లో చేసిన చట్టం అనుబంధంలో, బొటనవేలు పోతే సంపాదనా శక్తిలో 30 శాతం పోయినట్లు లెక్క కట్టారు. గుమాస్తాకైనా, వడ్రంగికైనా, బీడీ చుట్టే మనిషికైనా ఆ పట్టికలో ఒకటే అంకె. బీడీ చుట్టే మనిషికి బొటనవేలు పోతే మిగిలే 70 శాతం ఎక్కడ వున్నదో ఆ పట్టిక రాసినవారే చెప్పాలి. ఆమె వేలు ఒక్క దెబ్బతో తెగలేదు, ఏళ్ళ తరబడి అరిగింది కనుక ఆ 30 కూడా ఆమె దరికి రాదు.

మేము పాఠం చెప్పే కొలమానాల సంగతీ చూద్దాం. ఆసుపత్రుల్లో విరివిగా వాడే బార్థెల్ సూచిక 1965లో ప్రచురితమైంది. తినటం, స్నానం, బట్టలు కట్టుకోవటం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారటం, మెట్లెక్కటం వంటి పది అంశాలకు కలిపి నూరు మార్కులు. నూరు వచ్చిన మనిషి కూడా వంట చేసుకోలేకపోవచ్చు, ఒంటరిగా బతకలేకపోవచ్చు అని దాన్ని తయారు చేసినవారే నిజాయితీగా రాశారు. మేము ఆ హెచ్చరిక వదిలేసి నూరును మాత్రం బట్టీ పట్టించాం. నేల మీద గొంతుకూర్చొని లేవలేని మనిషి, నీళ్ళ బిందె ఎత్తలేని మనిషి, ఒక్క రోజు కూలి గిట్టించుకోలేని మనిషి మా లెక్కలో "సంపూర్ణ స్వావలంబన" సాధించి డిశ్చార్జి అవుతున్నాడు. ఇంటికి పోయి మూలన కూర్చుంటున్నాడు.

ఇదంతా శాస్త్రం స్వభావమే అనుకుంటే పొరపాటు. ఈ శాస్త్రానికి రెండు వారసత్వాలు వున్నాయి. ఒక్కదానినే పాఠంగా చెబుతున్నాం.

మొదటి వారసత్వం తిరుగుబాటుది. 18వ శతాబ్దం చివర పారిస్‌లో పినెల్, యార్క్‌లో ట్యూక్ మానసిక రోగులను గొలుసులతో బంధించి వుంచే పద్ధతిని ఎదిరించి, వాళ్ళను పనీపాటా చేసుకోగల మనుషులుగా చూడాలన్నారు. 19వ శతాబ్దంలో రస్కిన్, ఆయన తరువాత విలియం మారిస్, కర్మాగారం మనిషి పనిని ముక్కలు చేసి మనిషినే ముక్కలు చేస్తున్నదని ఎలుగెత్తారు. మారిస్ సోషలిస్టు అన్న సంగతి మన పాఠకులకు తెలుసు. ఆ హస్తకళా ఉద్యమం గాలి అమెరికా దాకా వీచింది. 1917లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే వూళ్ళో కొద్దిమంది కూడి వృత్తి చికిత్సకు తొలి జాతీయ సంఘం పెట్టారు. వాళ్ళలో ఎలినార్ క్లార్క్ స్లేగల్ ఒకరు. ఆమె శిక్షణ పొందింది షికాగోలో పేద వలస కార్మికుల మధ్య వెలసిన హల్ హౌస్ వాతావరణంలో. తన చేతులతో ఒక వస్తువును ఆమూలాగ్రం తయారు చేసే మనిషి తనను తాను తిరిగి పొందుతాడనే నమ్మకం ఈ శాస్త్రానికి పునాది. శ్రమ మనిషికి పరాయిదైపోవటం గూర్చి మార్క్స్ 1844లో రాసుకున్న ప్రతులను వాళ్ళు చదివి వుండరు. అవి 1932 దాకా పూర్తిగా అచ్చు కాలేదు. కాని గాయం మాత్రం అదే, ఆ గాయాన్నే వాళ్ళు తడిమారు.

రెండవ వారసత్వం గడియారానిది. కార్మికుడి ప్రతి కదలికను కొలిచి, వృథా కదలిక తీసివేసి, ఉత్పత్తి పెంచే విద్య నేర్పిన గిల్‌బ్రెత్ దంపతులు 1920లో వికలాంగుల కదలికల అధ్యయనం మీద ఒక గ్రంథం ప్రచురించారు. మొదటి ప్రపంచయుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళను తిరిగి ఉత్పత్తిలో నిలబెట్టటం అప్పటి ప్రభుత్వాలకు అవసరమైంది. మనిషి కోసం పని అన్న మొదటి సూత్రం, పని కోసం మనిషి అన్న సూత్రంగా తలకిందులైంది. పిచ్చాసుపత్రుల్లోనూ అంతే. చికిత్స పేరిట రోగులు పొలాల్లో, చాకిరేవుల్లో, వంటశాలల్లో వెట్టిచాకిరి చేశారు. ఆ పనికి కూలి చట్టం వర్తిస్తుందని 1973లో సౌడర్ కేసులో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది. కూలి ఇవ్వవలసి వచ్చేసరికి, అంతవరకూ ఆ పనిలో కనిపించిన చికిత్సాగుణం చాలా సంస్థలకు హఠాత్తుగా కనిపించకుండా పోయింది!

మన దేశంలో ఈ విద్య పుట్టిన చోటు కూడా గుర్తు చేసుకోవాలి. అమెరికాలో పుట్టి, మన దేశానికి కోడలుగా వచ్చిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి శిక్షణాలయం నెలకొల్పారు. అది పరేల్‌లోని మునిసిపల్ ఆసుపత్రి. ఆనాడు చుట్టూ బట్టల మిల్లులు, మిల్లు కార్మికుల చాళ్ళు. కరీంనగరం నుంచీ నల్లగొండ నుంచీ మగ్గం వదిలి వలసపోయిన మన పద్మశాలీలు కూడా ఆ మిల్లుల్లో పని చేశారు. నేతమగ్గం మా శాస్త్రంలో పాత చికిత్సా పరికరం. మగ్గం బతుకుతెరువు ఇవ్వక వలస వచ్చినవాడి ముందు మగ్గాన్నే మందుగా పెట్టే శాస్త్రం, ఆ మగ్గం కథ అడగకుండా వుండవచ్చునా? చరిత్ర పాఠంలో మేము విద్యార్థులకు 1950 అన్న తేదీ చెబుతాం. ఆసుపత్రి గోడ అవతలి మిల్లు సైరను గూర్చి చెప్పం.

ఈ రెండు వారసత్వాల్లో గడియారానిదే ఇవాళ పైచేయి. దాని పరాకాష్ఠ అమెరికాలో కనిపించింది. 2007 నుంచి అక్కడ ఈ వృత్తిలో అడుగు పెట్టాలంటే పోస్టు గ్రాడ్యుయేటు స్థాయి చదువు తప్పనిసరి కాగా, మన విద్యార్థులు కొందరు అటు చూస్తూనే మా తరగతుల్లో కూర్చుంటున్నారు. కనుక ఈ సంగతి వాళ్ళు వినాలి. అక్కడి నర్సింగు కేంద్రాలకు మెడికేర్ 2019 సెప్టెంబరు దాకా ప్రధానంగా చికిత్స నిమిషాలను లెక్కగట్టి డబ్బు ఇచ్చేది. వారానికి 720 నిమిషాలు దాటితే అన్నిటికంటె పెద్ద మొత్తం. అక్టోబరు 1 నుంచి పద్ధతి మారి, నిమిషాలకు అదనపు డబ్బు రావటం ఆగిపోయింది. వెంటనే రోగులకు అందే చికిత్స నిమిషాలు తగ్గాయి, చికిత్సకుల ఉద్యోగాలు పోయాయి. రోగుల జబ్బు ఆ ఒక్క రాత్రిలో తగ్గిపోయిందా? "చికిత్స అవసరాన్ని శాస్త్రమే నిర్ణయిస్తుంది" అని పరీక్షలో రాసి పట్టా పుచ్చుకున్న విద్యార్థి ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు?

ఇక అభ్యంతరాలు. "విద్యార్థులు అప్పులు చేసి చదువుతున్నారు, వాళ్ళకు ఉద్యోగం వచ్చే విద్య నేర్పండి, ఉపన్యాసాలు వద్దు" అంటారు సహోద్యోగులు. అప్పుల మాట నిజం. అందుకే చెబుతున్నాను. ఆసుపత్రిలో రోజంతా పని చేసి, స్టైపెండు లేకుండానో, దారి ఖర్చులకు చాలని స్టైపెండుతోనో ఇంటికి పోయే విద్యార్థి కూడా శ్రామికుడే. తన చాకిరికి "అనుభవం" అని పేరు పెట్టి కూలి ఎగవేస్తున్నారని గ్రహించిన రోజున, బీడీ కార్మికురాలి మాట అతనికి మొండితనంగా వినిపించదు. మరి స్ప్లింటు చేయటం నేర్పవద్దా? నేర్పాలి, ఇంకా బాగా నేర్పాలి. ఆకు మలవటానికి వీలిచ్చే స్ప్లింటు చేయటం కదలనివ్వని స్ప్లింటు చేయటం కంటె కష్టం. కార్మికురాలి పనిని కూర్చొని చూడనివాడికి అది చేత కాదు.

మన పక్షంలోనే మరికొందరు పెదవి విరుస్తారు: "ఇదంతా అతుకుల బొంత. వ్యవస్థ మారితే గాని ఈ రోగం పోదు." వ్యవస్థ మారాలి, నిజమే. కాని అప్పటిదాకా ఆగమని ఆ బొటనవేలికి ఎవరు చెబుతారు? "బీడీయే విషం కదా, మానెయ్యమనండి" అని ఇంకొకరు సలహా ఇస్తారు. మానితే ఏ పని? ఆ ప్రశ్నకు జవాబు వెతకటమే వృత్తి చికిత్స అసలు వృత్తి. నొప్పి లేకుండా రోజుకు ఎన్ని బీడీలు చుట్టవచ్చో మా విద్యార్థులు కొలిచి చెబితే, ఆ సంఖ్యతో ఇల్లు గడవాలంటే వెయ్యికి కూలి ఎంత వుండాలో సంఘం అడగగలదు. అప్పుడు మా కొలత పట్టిక కార్మికుల చేతిలో కోర్కెల పత్రం అవుతుంది. ఇది అతుకు కాదు, ఆయుధం.

కనుక చేయవలసినవి స్పష్టమే. ప్రతి కేసు షీటులో కూలి, యజమాని, పని గంటలు రాయటానికి చోటు వుండాలి. ఈ వృత్తిలో ప్రవేశించేవాళ్ళకు ప్రపంచ సమాఖ్య ప్రమాణాలు కనీసం 1000 గంటల క్షేత్ర శిక్షణ అడుగుతున్నాయి; అందులో కొంత భాగమైనా బీడీ గోదాముల్లో, మరమగ్గాల షెడ్లలో, పల్లె ఆరోగ్య కేంద్రాల్లో గడవాలి. ఎం.ఓ.టి. పరిశోధనాంశాన్ని ఎంచుకోవటంలో కార్మికుల మాటకు చోటు వుండాలి. శిక్షణలో చేసే పనికి తగిన స్టైపెండు ఇవ్వాలి. 2021లో పార్లమెంటు చేసిన చట్టం మా వృత్తిని ఒక జాతీయ కమిషను కిందికి తెచ్చింది. ప్రమాణాలు రాసే అధికారం ఇప్పుడు దానికి వున్నది. ఈ కోర్కెలు అక్కడ వినిపించవలసింది అధ్యాపకులూ, విద్యార్థులే. మేము మౌనం వహిస్తే ఆసుపత్రుల యజమానులు మాట్లాడతారు. వాళ్ళకు తటస్థత జబ్బు లేదు.

ఆ కేసు షీటును నేను ఇప్పుడు ప్రతి ఏడూ మొదటి తరగతిలో చదువుతున్నాను. చివరి వాక్యం దిద్దమని విద్యార్థులకు చెబుతాను. పోయిన ఏడు ఒక కుర్రవాడు "రోగి" అన్న మాట కొట్టివేసి, పైన "మేము" అని రాశాడు: "మేము చికిత్సకు సహకరించుట లేదు." అతనికి మార్కులు వేయటానికి నాకు రెండో ఆలోచన కలగలేదు.