లింకు నొక్కినవాడిదేనా తప్పు?

ఆన్‌లైన్ మోసం వార్త ఏది వచ్చినా చివర ఒక సలహా తగిలిస్తారు: తెలియని లింకులు నొక్కకండి. ఈ వారం కూడా చదివాను. సలహా చెడ్డదని అనను. కానీ తప్పంతా జనం వేళ్ల మీదికి నెట్టేసి, లోపాల సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లనూ, పాత సాఫ్ట్‌వేరే వాడాలని పట్టుబట్టే కార్యాలయాలనూ ఎవరూ నిలదీయకపోతే ఒళ్లు మండుతుంది.

2023 సెప్టెంబరులో ఏం జరిగింది? వెబ్‌పీ అనే రకం బొమ్మలను విప్పి చూపే ‘లిబ్‌వెబ్‌పీ’ కోడ్‌లో లోపం బయటపడింది. మాయచేసి తయారుచేసిన బొమ్మ వస్తే అది తనకిచ్చిన మెమరీ హద్దు దాటి పక్క జాగాలో రాసేస్తుంది. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ అన్నిట్లో ఉన్నది ఆ కోడే. అప్పటికే దుండగులు దాన్ని వాడుతున్నారని గూగులే ఒప్పుకుంది. పేజీలో బొమ్మ కనబడితే చాలు, ప్రమాదమే. చూసినవాడు చేసిన తప్పేమిటి?

ఇదేదో అరుదైన సంగతి కాదు. 2015 నుంచి క్రోమ్‌లో దొరికిన 912 తీవ్రమైన లోపాలను 2020లో లెక్క తీస్తే, దాదాపు 70 శాతం మెమరీ తప్పులే. మైక్రోసాఫ్ట్ కూడా అంతకు ముందు ఏడాది ఇంచుమించు ఇదే అంకె చెప్పింది. క్రోమ్‌లోని ఆ మెమరీ తప్పుల్లో సగం ఒకే రకం: వాడి వదిలేసిన మెమరీని ప్రోగ్రాం ఇంకా తనదే అనుకుని మళ్లీ ముట్టుకోవడం. ఇల్లు ఖాళీ చేసినవాడు పాత తాళంచెవితో వచ్చి తలుపు తీస్తే లోపల ఎవరో దొంగ కాపురం ఉన్నట్టు. గూగుల్ మీదే జరిగి 2010లో బయటపడిన దాడిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని ఇలాంటి లోపాన్నే వాడారు. ఆ బ్రౌజర్ వదిలేయండని జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు ప్రజలకు చెప్పాయి.

లోపలికి వచ్చిన దొంగకు ఎన్ని హక్కులు దొరుకుతాయన్నది రెండో సంగతి. కంప్యూటర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా ఉండి బ్రౌజర్ తెరిస్తే, దాన్ని లొంగదీసుకున్నవాడి చేతికి ఆ హక్కులన్నీ పోవచ్చు. అందుకే క్రోమ్ 2008లోనే పేజీలను ‘శాండ్‌బాక్స్’ అనే, మిగతా కంప్యూటర్‌ను ముట్టుకోనివ్వని కట్టులో పెట్టింది. పాత పద్ధతి ప్లగిన్లు మాత్రం ఆ కట్టు బయటే తిరిగేవి. 2015లో క్రోమ్ వాటిని పూర్తిగా తీసేసింది. మరో ప్లగిన్ ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ 2020 డిసెంబరు 31న సెలవు చెప్పింది.

మరి మన ప్రభుత్వ పోర్టళ్లు? టెండర్లు వేసే చిన్న కాంట్రాక్టరునో, పత్రాలు దాఖలు చేసే అకౌంటెంటునో అడగండి. డిజిటల్ సంతకం పడాలంటే జావా పాత వెర్షన్ పెట్టుకో, సెక్యూరిటీ లెవెల్ తగ్గించు, పాపప్ బ్లాకర్ తీసేయ్, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కు. ఒక కార్యాలయం సహాయ పత్రంలో ఈ సూచనలు వరుసగా ఉండటం నా కళ్లతో చూశాను. ఒక చేత్తో జాగ్రత్తలు పంచుతూ రెండో చేత్తో తలుపులు తీయించడం బాధ్యత గల పని కాదు. దక్షిణ కొరియా ఇలాగే 1999 నాటి డిజిటల్ సంతకాల చట్టాన్ని పట్టుకుని యాక్టివ్‌ఎక్స్ అనే పాత తరహా ప్లగిన్ల ఊబిలో ఏళ్ల తరబడి దిగబడింది. ఆ సంతకాలకు వాడే అధికారిక సర్టిఫికెట్ల పెత్తనం 2020 డిసెంబరుకు గానీ పోలేదు. ఆ పాఠం మనకు పనికిరాదా?

మందు లేని జబ్బూ కాదు. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను మెమరీ తప్పులను ముందే అడ్డుకునే రస్ట్ లాంటి భాషల్లో రాయడం పెంచాక, మెమరీ లోపాల వాటా 2019లో 76 శాతం ఉన్నది 2024కు 24కు దిగింది.

కానీ ఆ మేలు మన చేతిలోని ఫోన్‌కు చేరేదెలా? చవక ఫోన్ కొన్న కూలీకి, విద్యార్థికి అప్‌డేట్లు ఎప్పుడు ఆగిపోతాయో చెప్పే దిక్కు లేదు. బ్యాంకు, ఆధార్, పిల్లల ఫీజు అన్నీ ఆ ఫోన్‌లోనే. పెట్టె మీద ఎమ్మార్పీ ఉండాలి, తయారైన నెల ఉండాలి, తయారీదారు చిరునామా ఉండాలి. భద్రతా అప్‌డేట్లు ఏ తేదీ దాకా ఇస్తారో అడిగేవాడే లేడు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఆ గడువు ప్రకటించడం చట్టప్రకారం తప్పనిసరి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఆ తేదీని పెట్టె మీద అచ్చు వేయించాలి. ఈలోగా ఫోన్ కొనబోయేవాళ్లు కెమెరా సంగతి తర్వాత అడగండి. అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయో ముందు అడగండి. దుకాణదారు చెప్పలేకపోతే ఆ ఫోన్ కొనకండి.