గుమాస్తా గారి ముచ్చట్లు: జనవరి ఒకటి నాటి తాతలు

మేము గుమాస్తాగిరీ చేసే కాశేలి ఆఫీసుకు క్రిందటి నెల పద్మానగర్ నుండి ఒక తాత వచ్చారు. ఒకప్పుడు మా వద్ద పనిచేసినవారే. ఆయనకు రావలసిన సొమ్ముకై మేము పంపిన దరఖాస్తు, పుట్టిన తేదీ కలియలేదని తిరిగి వచ్చింది. మా జాబితాలో 1948 జనవరి 1 అని ఉన్నది. వేరొక కాగితంలో జూన్ 1.

"నేను జనవరిల పుట్టిననని మీకెవ్వలు చెప్పిన్రు సారూ? రజాకార్ల గడబిడ నాటి పిల్లగాణ్ణని మా అవ్వ చెప్పేది, గంతే" అన్నారు తాత.

మేము తెల్లబోయాము. ఆయన ఆధార్ కార్డులో సైతం ఏడు మాత్రమే ఉన్నది. మరి ఈ జనవరి ఎక్కడిది?

మా ప్రోగ్రాములు వ్రాసే కుర్రవాడు విప్పి చెప్పాడు. కంప్యూటర్లు జాబితాలు పంపుకొనే పద్ధతులలో ఎక్స్‌ఎంఎల్ ఒకటి. అందులో ఏ గడికి ఏ రకం విలువ చెల్లునో నిర్ణయించే పత్రం స్కీమా. 2001 మే నెలలో డబ్ల్యూ త్రీ సీ సంస్థవారు దీని నియమాలు ఖాయపరచారు. వారు ముందుచూపు గలవారే సుమా! పూర్తి తేదీకి 'డేట్' అనీ, ఏడు మాత్రమే తెలిస్తే 'జీ ఇయర్' అనీ వేర్వేరు రకాలు పెట్టారు.

చిక్కంతా ప్రోగ్రాములో ఉన్నది. అందులో ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క 'ఆబ్జెక్టు'. ఆ ఆబ్జెక్టులను పోతపోసే అచ్చు పేరు 'క్లాసు'. మా క్లాసులో పుట్టిన తేదీకి డాట్‌నెట్‌లోని 'డేట్‌టైమ్' వాడారు. దానికి ఏడు, నెల, రోజు మూడూ ఉండి తీరాలి. '1948' అని మాత్రమే చదివిస్తే జనవరి 1 తనంతట వచ్చి కూర్చుంటుంది. తిరిగి వ్రాసేటప్పుడు పూర్తి తేదీగానే బయటికి పోతుంది. అందుకొన్నవారికి అది ఊహ అని తెలిసే దారి లేదు.

జావా భాషలో 'ఎక్స్‌ఎంఎల్ గ్రెగోరియన్ క్యాలెండర్' అనే క్లాసు ఉన్నదట. అందులో నెల, రోజు ఖాళీగా ఉంచవచ్చును. మా కుర్రవాడు అటువంటిదే సొంతంగా వ్రాశాడు. ఏడు తప్పనిసరి, మిగిలినవి తెలిస్తేనే. రెండు తేదీలను పోల్చేటప్పుడు రెండింటా తెలిసినంత మేరకే పోల్చాలి. స్కీమాలోనూ ఆ గడికి రెండు రకాలలో ఏదైనా చెల్లేటట్లు 'యూనియన్' పెట్టాడు.

ఆ జాబితాపై సంతకం మాది. కనుక తప్పులో మాకూ పాలున్నది. ఏడు మాత్రమే వేసి తాత దరఖాస్తు మళ్ళీ పంపాము.

పాఠకులు కూడా తమ ఇంటి పెద్దల కాగితాలు ఒకసారి తీసి చూడగోరుతాము. జనవరి 1 అని కనబడితే, అది అవ్వ చెప్పినదో యంత్రం చెప్పినదో అడిగి తెలుసుకొనండి.