గాలిని వడగట్టు పెట్టె



“గాలిని శుభ్రపఱచు యంత్రములు అంగడిలో వేలకు వేలు పలుకుచున్నవి. మావంటి సామాన్య గృహస్థులకు వేఱు మార్గము లేదా?” అని పాఠకురాలొకరు మాకు వ్రాసిరి. ఈ ప్రశ్న గడచిన సంవత్సరము మా యింటను పుట్టినదే. కావున ఈ మాసమున మేము చేసిన పనిని, అంతకుముందు చేసిన పొరపాటును గూడ దాచక విన్నవించుచున్నాము.

మా చిన్నవానికి ఏడేండ్లు. శీతకాలము వచ్చిన చాలును, అర్ధరాత్రమున దగ్గును, ఱొమ్ములో పిల్లికూతలును ప్రారంభమగును. వరికోతలయిన పిదప పొలములలో గడ్డి తగులబెట్టిన పొగ మా యూరిని కమ్మును. ఆ పొగకు వెఱచి మేము తలుపులు, కిటికీలు బిగించి, దోమలు కుట్టకుండ వాని మంచము క్రింద దోమల కాయిలు వెలిగించి, ఇంక బిడ్డ సుఖముగా నిద్రించునని తలచుచుంటిమి. వైద్యులు “రాత్రివేళ గదిలో ఏమి కాల్చుచున్నారు?” అని యడిగినప్పుడు గాని మా యవివేకము మాకు తెలియలేదు. ఒక్క కాయిలు కాలి ముగియులోపల వెలువడు సూక్ష్మధూళి, 75 మొదలు 137 సిగరెట్లు కాల్చినప్పుడు వెలువడుదానికి సమానమని 2003వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక పరిశోధనలో తేలినది. చుట్ట కాల్చువారిని గుమ్మము త్రొక్కనీయని యింట, బిడ్డ తలాపున మేమే యింత పొగ పెట్టితిమి గదా యని ఆ రాత్రి మాకు కన్ను మూతపడలేదు.

ఈ సూక్ష్మధూళి యనగా 2.5 మైక్రాన్లకు మించని రేణువులు. మైక్రాను మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 50 మొదలు 70 మైక్రాన్లుండును. ఇంత చిన్న రేణువును ముక్కు ఆపజాలదు; అది ఊపిరితిత్తుల లోతట్టునకు పోయి నిలుచును. ఘనపు మీటరు గాలిలో ఇట్టి ధూళి సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది. మన దేశమున 2009లో నిర్ణయించిన పరిమితి 40.

మొదట చేయవలసినది పొగను పట్టుట కాదు, పుట్టకుండ చూచుట. కాయిలును మానివేసి దోమతెర కట్టితిమి. అగరువత్తులను, సాంబ్రాణిని పడుకగదికి దూరము చేసితిమి. పోపు పెట్టునప్పుడు వంటింటి కిటికీ తెఱచుచున్నాము. కుండీలలో మొక్కలు పెంచిన గాలి శుద్ధియగునని కొందఱందురు. మొక్కలు కంటికి చలువయే గాని, వానివలన గాలి బాగుపడవలెనన్న నేల చదరపు మీటరునకు 10 మొదలు 1000 మొక్కలు కావలెనని 2019లో ఒక సమీక్ష లెక్క చెప్పినది. అప్పుడు మంచము వేయుటకు చోటెక్కడ?

బయటినుండి వచ్చు పొగకు మాత్రము వడపోత కావలసివచ్చినది. అమెరికాలో 2020వ సంవత్సరమున, కోవిడు వ్యాధి ప్రబలిన దినములలో, రిచర్డ్ కోర్సి యను ఇంజనీరింగు ఆచార్యుడును, జిమ్ రోజెంతాల్ అను ఫిల్టర్ల వ్యాపారియు ఒక సులభమైన పెట్టెను రూపొందించిరి. వారి పేర్లమీద అది కోర్సి-రోజెంతాల్ పెట్టెగా ప్రసిద్ధి చెందినది. మేము చేసినది అదియే.

మా అత్తగారు విని, “గాలిని వడగట్టడమేమిటే అమ్మాయీ! ఇంకా నయం, వెన్నెలను వడగట్టుదామన లేదు” అని నవ్విరి.

కావలసిన వస్తువులు: 20 అంగుళముల చదరపు ఫిల్టర్లు నాలుగు, చదరపు చట్రముగల పెట్టెఫ్యాను ఒకటి, దళసరి అట్ట, వెడల్పు టేపు. ఫిల్టర్లు ‘మెర్వ్ 13’ తరగతివి కావలెను, పట్టణములలో ఏ.సి. సామాను అమ్మువారివద్ద అడుగవచ్చును. ఫ్యాను ఇంట నున్నదే గనుక మాకయిన వ్యయము అంగడి యంత్రపు ధరలో మూడవ వంతునకు లోపే.

నాలుగు ఫిల్టర్లను నాలుగు గోడలవలె నిలిపి మూలలను టేపుతో అతికింపవలెను. ప్రతి ఫిల్టరు అంచునను గాలి పోవు దిక్కును చూపు బాణపు గుర్తుండును. అవి యన్నియు పెట్టె లోపలికి చూపవలెను. అడుగున అట్టను మూయవలెను. పైని ఫ్యానును గాలి ఆకాశమువైపు కొట్టునట్లు పరుండబెట్టి, చుట్టు సందులేకుండ అతికింపవలెను. ఫ్యాను పెట్టెకన్న చిన్నదైనచో మిగిలిన చోటును అట్టతో కప్పవలెను. పిదప ఱెక్కలు తిరుగు వృత్తమంత రంధ్రము చేసిన అట్టను ఫ్యానుపై అమర్చవలెను. దీనిని మఱవరాదు, లేనిచో ఫ్యాను మూలలనుండి గాలి వెనుకకు జాఱి పెట్టె బలము తగ్గును.

ఈ ఫిల్టరు జల్లెడవంటిది కాదు. దాని పోగుల సందులు రేణువులకంటె పెద్దవి; అయినను గాలితో పోవు రేణువు పోగులకు తగిలి అంటుకొనును. మిక్కిలి చిన్న రేణువులలో సగమైనను చిక్కకపోవునేమో. కాని గదిలోని గాలి మరల మరల పెట్టెలో దూఱుటచే ధూళి క్రమముగా తగ్గును. నాలుగు ఫిల్టర్లుంచుట గాలి సులువుగా దూఱుటకే.

పెట్టెఫ్యాను లేనివారు బల్లఫ్యాను ముందు ఒక హెపా ఫిల్టరును బిగించి కట్టవచ్చును. 2013లో బీజింగు నగరమున థామస్ తాల్హెల్మ్ అను అమెరికా విద్యార్థి ఇట్లే చేసెను.

మా చేతిలో జరిగిన చిత్రమొకటి. నాలుగు నెలలకు ఫిల్టర్లు బూడిదవన్నె కాగా, కర్టెనులను ఉతికినట్లు నీట జాడించి యెండబెట్టితిమి. మా వారు బడినుండి వచ్చి చూచి తల పట్టుకొనిరి. ఆ పొరలకు తయారునాడే స్వల్పముగా విద్యుదావేశ మెక్కింతురు; ధూళిని పట్టుటలో దానికి పెద్ద పాలు కలదు. నీట ఉతికిన అది తగ్గవచ్చును. కనుక నల్లబడిన ఫిల్టర్లను మార్చవలెనే గాని ఉతుకరాదు.

దీనికి మించిన మాట యొకటి. ఈ పెట్టె ధూళిని పట్టును గాని విషవాయువులను పట్టదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుకుంపటి నుంచినచో పుట్టు కార్బన్ మోనాక్సైడు ప్రాణములు తీయును. పది పెట్టెలున్నను కాపాడలేవు. వంటగ్యాసు వాసన వచ్చినచో స్విచ్చు ముట్టక కిటికీలు తెఱవవలెను. బయట పొగ క్రమ్మినపుడు తలుపులు మూసి పెట్టెను నడపుడు. బయటిగాలి తేటగా నున్నప్పుడు తలుపులు తెఱచి ఉంచుడు. పసిపిల్లల వ్రేళ్లు ఫ్యానును తాకకుండ చూచుకొనుడు.

ఈ యేడు శీతకాలమున మా చిన్నవాడు చాల రాత్రులు దగ్గులేక నిద్రించెను. అది కాయిలు మానుటవలననో, దోమతెరవలననో, పెట్టెవలననో మేము విడదీసి చెప్పలేము. వైద్యుల మందును మాత్రము మానలేదు. మా అత్తగారు నలువదేండ్లు పుల్లలపొయ్యి నూదినవారు. మొన్న నల్లబడిన పాత ఫిల్టరును చేతబట్టుకొని చాలసేపు మాటాడలేదు. తుదకు, “ఇదంతా మా లోపలికే పోయినదన్నమాట” అనిరి.

నాడు వారికి చెప్పువారు లేరు. మన బిడ్డలకు మనమున్నాము. ఈ రాత్రి మీ పడుకగదిలో ఏమి కాలుచున్నదో ఒక్కమాఱు చూచుకొనుడని మా ప్రార్థన.