వేరు కుంపటి ఎవరు పెట్టించారు?

పోయిన ఆదివారం చీడికాడలో ఉన్నాను. నా దగ్గర డిగ్రీ చదివిన ఒకమ్మాయి ఇంటికొచ్చింది. చేతిలో లాంగ్ నోట్‌బుక్కు, అందులో పదకొండు కవితలు. వాళ్లమ్మ చెరకు నరికే పనికెళ్తుంది. చెరకాకు కోసిన గీతలున్న చేత్తో అన్నం ముద్ద కలుపుకుంటే కారం ఎలా మండుతుందో ఒక కవితలో రాసింది. చదివాక కాసేపు నాకు మాట రాలేదు.

మేం కొందరం ఈ ప్రాంతపు దళిత యువకవుల సంకలనం వేద్దామనుకుంటున్నాం. ఈ కవిత అందులోకి ఇమ్మన్నాను. అమ్మాయి తలొంచుకుంది.

"ఇస్తే దళిత కవి అని ముద్ర పడిపోద్దంట కదా మాస్టారూ. ఇంక మిగతా పత్రికలోళ్లు మనల్ని కవిగా చూడరంట. నిజమేనా?"

ఆమెకి ఆ మాట చెప్పింది సాహిత్యం బాగా చదువుకున్న పెద్దమనిషే. పేరు అనవసరం. ఆయన ఇంకో మూడు మాటలు కూడా అన్నాడట. కళకు కులమేంటి? వీళ్లకి వేరు కుంపటి ఎందుకు? అయినా ఇవి కవిత్వమా, ఫిర్యాదులా? ఈ మాటలు మీలో చాలామంది వినే ఉంటారు. అందుకే ఆ అమ్మాయికి చెప్పిన జవాబు మీకూ చెబుతున్నాను.

ముందు వేరు కుంపటి సంగతి. మా పేట ఊరికి ఎడంగా ఎందుకుంది? ఆ హద్దు గీసింది మేం కాదు కదా. తరతరాలుగా ఊరవతల పొయ్యి పెట్టించి, ఇప్పుడు ఆ పొయ్యి దగ్గర నలుగురం కూర్చుని పాడుకుంటే విడిపోతున్నారంటే ఎలా? 1970లో విప్లవ రచయితలు విరసం పెట్టుకున్నారు. 1993లో స్త్రీవాద కవిత్వం 'నీలిమేఘాలు'గా వచ్చింది. ఒక అనుభవం ఉన్నవాళ్లు, ఒక ఆలోచన ఉన్నవాళ్లు ఒకచోట చేరడం సాహిత్యంలో కొత్త కాదు. 1995లో 'చిక్కనవుతున్న పాట' తెచ్చిన సంపాదకులు ఇద్దరు. జి. లక్ష్మీనరసయ్య ఒకరు, త్రిపురనేని శ్రీనివాస్ రెండోవారు. శ్రీనివాస్ దళితుడిగా పుట్టలేదు. మరి తలుపు మూసిందెక్కడ?

ఉద్యమాన్ని చీలుస్తున్నారంటారు. ఈ ప్రశ్నకు వందేళ్లుంటాయి. మన సిక్కోలు గడ్డ మీద పుట్టిన గరిమెళ్ల సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట రాసి జైలుకెళ్లాడు. గొప్ప పాట. రాజమండ్రిలో వైద్యం చేసుకునే కుసుమ ధర్మన్న దానికి జతగా ఇంకో పాట కట్టాడు, 'మాకొద్దీ నల్లదొరతనము' అని. తెల్లదొర వెళ్లిపోయాక మా నెత్తిన కూర్చునేదెవరని అడిగాడు. స్వాతంత్ర్యం వద్దనలేదాయన, అందులో తన వాటా ఏదని అడిగాడు. చీలిక ఊళ్లో ఉంది. పాట దాన్ని చూపించింది, అంతే.

ఇక శిల్పం. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నేను తిరిగి ఒకటే అడుగుతాను. జాషువాకి ఏం తక్కువైంది? ఛందస్సు మీద ఆయన పట్టు ఎవరూ కాదనలేరు. 1941లో 'గబ్బిలం' తెచ్చాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. జాషువా కథానాయకుడికి గుడిలోకి ప్రవేశం లేదు. గబ్బిలానికి ఉంది. అందుకే కాశీ విశ్వనాథుడికి తన గోడు దానితో చెప్పి పంపాడు. దూతని ఎంచుకోవడంలోనే మొత్తం కులవ్యవస్థని పట్టి చూపించాడు. ఇంతకంటే శిల్పం ఏముంటుంది? అంతటివాడు సభల్లో పడ్డ అవమానాలు తన ఆత్మకథ 'నా కథ'లో రాసుకున్నాడు. వాళ్ల కొలతకి సరిగ్గా సరిపోయేలా పద్యం రాసినప్పుడు కులం అడ్డొచ్చింది. ఆ కొలత వదిలి మా మాటలో రాస్తే శిల్పం లేదంటున్నారు. కొలబద్ద ఎవరి చేతిలో ఉందో పిల్లలు అడగాలి.

ఫిర్యాదా? అవును, కొంత ఫిర్యాదే. 1985లో కారంచేడులో ఆరుగుర్ని చంపారు. 1991లో చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. చుండూరు కేసులో 2007లో కింది కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఫిర్యాదు వినాల్సిన చోట వినకపోతే అది కవిత్వంలోకి వస్తుంది. పాటలోకి, డప్పులోకి వస్తుంది. రావద్దనే హక్కు ఎవరికీ లేదు.

అయితే మిత్రులారా, విమర్శలన్నీ కుట్రలని కొట్టిపారేస్తే మనకే నష్టం. కొన్ని నిజం. మన సభల్లో వేదిక మీద ఎవరుంటారు? ఎక్కువమంది మగాళ్లమే. దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చిన 'నల్లపొద్దు' 2003లో వచ్చింది, అదీ గోగు శ్యామల పూనుకుంటే. అప్పటిదాకా మనం ఏం చేశాం? ఇంకోటి. విశాఖ, విజయనగరం వీధులు ఊడ్చేది రెల్లి అక్కచెల్లెళ్లు. మన ఉత్తరాంధ్ర దళిత సంకలనంలో రెల్లి కవులెందరు? మా జాబితా మళ్లీ తీసి చూశాను. ఒక్కరూ లేరు. ఊరు మనకి చేసింది మనం వాళ్లకి చేస్తున్నామా అని సిగ్గేసింది. పుస్తకం ఆర్నెల్లు ఆలస్యమైనా సరే, ఆ పేటలకి వెళ్లి అడగాలని నిర్ణయించుకున్నాం.

మూడోది, మనలో మనం చప్పట్లు కొట్టుకోవడం. మనవాడు రాశాడు కాబట్టి బాగుందనడం ప్రేమ కాదు. ఆ పిల్ల పదకొండు కవితల్లో నాలుగు బాగున్నాయి. మూడు తిరగరాయాలి. మిగతావి ఎక్కడో చదివిన మాటలే మళ్లీ వచ్చాయి. ఇదంతా ఆమె ఎదురుగానే చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది, కానీ పెన్ను తీసి గుర్తులు పెట్టుకుంది.

ముద్ర గురించి అడిగింది కదా. నిజమే తల్లీ, పడుతుంది అన్నాను. కొందరు నీ పుస్తకం తెరవకుండానే పక్కన పెడతారు. అబద్ధం చెప్పి నీ కవిత తీసుకోను. కానీ రేపు మీ పేటలో ఇంకో పిల్ల చెరకాకు కోసిన చెయ్యి గురించి రాయాలనుకున్నప్పుడు, అది కవితకి పనికొచ్చే సంగతేనని తెలియాలంటే నీ కవిత ఎక్కడో ఒకచోట అచ్చులో కనబడాలి. మాకివ్వు, మిగతా పత్రికలకీ పంపు. వాళ్లు వేసుకుంటే మంచిదే.

ఆలోచించి చెప్తానంది. చోడవరం బస్సు హారన్ వినబడితే నోట్‌బుక్కు తీసుకుని వెళ్లిపోయింది. ఇంకా ఏమీ చెప్పలేదు. నిర్ణయం ఆమెది, ఒత్తిడి చేయను. మన కుంపటి మాత్రం వెలుగుతూనే ఉండాలి. చలికి వచ్చినవాళ్లెవరైనా కూర్చునేంత చోటు దాని చుట్టూ ఉండాలి.

జై భీమ్.